ఎడమ చేతి గ్లవ్

నేపర్‌విల్,
డిసెంబర్ 9, 2024

అక్కయ్యకి,

సూరి నమస్కారాలు. ఫోన్ చేస్తే నీ చెవి మిషను కూస్తుంది, మీవాడు కౌశిక్ దాన్ని స్పీకర్‌లో పెడతాడు, ఇల్లంతా విన్నాక చివర్న నీకు వినపడుతుంది. ఈ సంగతి ఇల్లంతా వినేది కాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివి నీ చీరల మధ్య దాచుకో.

థాంక్స్‌గివింగ్‌కి ఫ్రిస్కో వచ్చినప్పుడు నన్ను వంటింట్లోకి పిలిచి నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. తొలి పురుడు పుట్టింట్లో జరగాలన్నావు. మా చరిత ఇన్సూరెన్స్ అంది, డాక్టర్ అంది, నేపర్‌విల్ రావడం కుదరదంది, సరే. ప్రమోద వెళ్తుంది, తల్లి గనక తప్పదు. "నువ్వెందుకురా? ఆడపిల్ల తండ్రి వియ్యాలవారింట్లో మూడు రోజులు దాటి ఉంటే నాలుగోరోజు కూర గిన్నె అతనివైపు ఎవరూ జరపరు" అన్నావు. ఇల్లు అల్లుడిదే అయినా అనిరుధ్ అమ్మానాన్నా అక్కడే ఉంటారు కాబట్టి నీ లెక్కలో అది వియ్యాలవారిల్లే.

నాకు చరిత దగ్గర ఉండాలనుంది అక్కయ్యా. ఉన్నది ఒక్క పిల్ల. రిటైర్ అయ్యాక ఈ ఇంట్లో నాకు మిగిలిన ఉద్యోగం చెత్తడబ్బా బయటపెట్టడం, మర్నాడు లోపలికి తేవడం. ఏప్రిల్ మొదట్లో డెలివరీ అన్నారు. మార్చి నుంచి మే దాకా ఫ్రిస్కోలో ఉండాలంటే నాకు పరువైన వంక ఒకటి కావాలి. మీ ఇంట్లో దిగుదామంటే మార్చికల్లా కౌశిక్ మామగారూ అత్తగారూ వచ్చి ఆర్నెల్లుంటారన్నావు. ఆయనకి కూర గిన్నె ఎవరు జరుపుతారో నేను అడగను.

వంక దొరికింది. మేం బయల్దేరేముందు రవికుమార్ గారు, అదే మా వియ్యంకుడు, నా భుజం మీద చెయ్యి వేసి, మీరు గోల్ఫ్ ఆడతారు కదా బావగారూ, డాక్టర్లందరూ ఆడతారుగా, స్ప్రింగ్‌లో రండి, రోజూ మనిద్దరం వెళ్దాం అన్నారు. ఏదో అప్పుడప్పుడూ ఆడతానని అనేశాను. బతుకంతా చీకటి గదిలో కూర్చుని ఎక్స్‌రేలు చూసినవాణ్ణి. గోల్ఫ్ కర్ర ఏ కొసన పట్టుకోవాలో నాకేం తెలుసు?

అందుకని మార్చిలోగా నేర్చుకోవాలి. మా వీధి చివర సుందర్ రాజ్ గారని ఉన్నారు, బాపట్ల ఆయన. ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలు పాడిస్తారు, మిగతా రోజులు గోల్ఫ్ సాధన చేసే డ్రైవింగ్ రేంజ్‌లో ఉంటారు. ముందు పెద్ద మైదానం, ఇవతల వరసగా మూడువైపులా మూసిన అరలు. బకెట్‌తో బంతులు తీసుకుని అరలో నిలబడి ఒక్కొక్కటే మైదానంలోకి కొట్టడం, అంతే. పోయిన బంతులు వెళ్ళి తెచ్చుకోనక్కర్లేదు. మన బిళ్ళంగోడే, ఎదుటి జట్టు ఉండదు.

ప్రమోదకి లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పాను. ఆవిడకి తెలిస్తే చరితకి, చరితకి తెలిస్తే అనిరుధ్‌కి, అట్నుంచి వియ్యంకుడికి. నీకు మాత్రమే చెప్తున్నాను.

నీ తమ్ముడు
సూరి


ఫ్రిస్కో,
డిసెంబర్ 18, 2024

చిరంజీవి సూరికి,

రత్నమక్క దీవెనలు. ఎవరికీ చెప్పను. నా నోట్లో నువ్వుగింజ నానదని మీ బావ అంటూ ఉండేవారు గానీ ఆయన మాటలన్నీ నిజమైతే ఈపాటికి మనకి తెనాల్లో రెండు సినిమా హాళ్ళుండాలి.

నువ్వు బిళ్ళంగోడు పేరెత్తకు. మూడో ఇంటి సుబ్బమ్మ గారి మజ్జిగ కుండ ఎవరు పగలగొట్టారో నాకింకా గుర్తుంది. నువ్వు ఒకవైపు చూసి కొడితే అది ఇంకోవైపు పోయేది.

మీ వియ్యంకుడు మామూలు ఆటగాడు కాడురోయ్. శనివారం గుళ్ళో వియ్యపురాలు కనపడింది. కదపకుండానే మొత్తం చెప్పింది. ఆయన పొద్దున్నే కొత్త సంచి భుజాన వేసుకుని ఎక్కడికో పోతాట్ట. వచ్చి వీపుకి తైలం రాయించుకుంటాట్ట. మొన్న పెరట్లో కర్ర తిప్పి తులసికుండీ ముక్కలు చేశాట్ట. అంత బలం ఉందన్నమాట ఆ చేతుల్లో. ఆవిడ మొహంలో విసుగు ఉంది, పెద్ద ఆటగాళ్ళ పెళ్ళాలందరికీ ఉండేదే. నువ్వు జాగ్రత్త. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు కాకూడదు.

ఇక కౌశిక్ మామగారి సంగతి. ఆయనకి మోకాళ్ళ నొప్పి. అది వేరు.

ఆటకని వస్తే తప్పులేదులే. ఆటగాడు అతిథి. ఊరికే వచ్చి సోఫాలో కూర్చునేవాడే ఆడపిల్ల తండ్రి. మాగాయ జాడీ పంపుతున్నాను, ప్రమోదకి ఇయ్యి, ఎందుకు పంపానో అడిగితే ఊరికే అని చెప్పు.

ఆశీస్సులతో
రత్నమక్క


నేపర్‌విల్,
జనవరి 7, 2025

అక్కయ్యకి నమస్కారాలు.

మాగాయ అందింది. జాడీ పగల్లేదు, మూత పగిలింది. నూనె నీ ఉత్తరానికి అంటి, తులసికుండీ దగ్గర రెండు లైన్లు పోయాయి. ఉన్నది చాలు, భయపడ్డాను.

నిన్న ఇక్కడ పదకొండు డిగ్రీలు. ఫారెన్‌హీట్‌లో. మన లెక్కలో సున్నాకి ఎంతో కింద. సుందర్ రాజ్ గారు చలి అంటే ఒప్పుకోరు. లోపల థర్మల్, దాని మీద స్వెటర్, దాని మీద జాకెట్, నెత్తిన మంకీ క్యాప్. ఇన్ని వేసుకున్నాక చేతులు ఎత్తడమే ఒక విద్య. అరలో పైన ఎర్రగా మండే హీటర్ ఒకటుంది, దానికింద నన్ను నిలబెడతారు. నడినెత్తి మాడిపోతుంది, పాదాలు గడ్డకడతాయి. ఆయన వెనక నిలబడి, మోచెయ్యి వంచకండి, భుజం తిప్పండి, నెమ్మది, తొందరేం లేదు అంటూ ఉంటారు. నేను తిప్పుతాను. బంతి అక్కడే ఉంటుంది. మళ్ళీ తిప్పుతాను.

తగిలితే ఇంకా కష్టం. ఈ చలిలో బంతి రాయిలా ఉంటుంది, అంచున తగిలిందంటే జిల్లుమని మోచేతిదాకా పాకుతుంది. మైదానమంతా మంచు. తెల్ల బంతి తెల్ల మంచులో పడి ఎక్కడ మాయమైందో కనపడదు. ఈ ఆటలో నాకు నచ్చిన సంగతి ఇప్పటికి అదొక్కటే.

ఎడమ చేతికి ఇప్పుడు గ్లవ్ వేసుకుంటున్నాను. అది లేకుండా కర్ర పట్టు దొరకడం లేదు. కుడి చేతికి అక్కర్లేదు. ఇంటికొచ్చాక అరగంటదాకా ఎడమ చేతి వేళ్ళకి స్పర్శ ఉండదు. మొన్న కాఫీ కప్పు అందుకుంటే వణికి ఒలికింది. ప్రమోద చూసింది. లైబ్రరీలో ఏసీ అన్నాను. జనవరిలో ఏసీ ఏమిటని అడగలేదు, ఊరికే చూసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ అడగకుండా ఊరుకున్నప్పుడల్లా నాకు భయమే.

వియ్యంకుడి వీపు ఎలా ఉంది? తైలం రాసుకునేంతగా ఆడేవాడి ముందు నేను ఏ మొహంతో నిలబడతానో. అయినా మానను. ఆ గ్లవ్ వేసుకున్నప్పుడల్లా చరితే గుర్తొస్తుంది.

సూరి


ఫ్రిస్కో,
జనవరి 16, 2025

చిరంజీవి సూరికి దీవెనలు.

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ఇక్కడా మంచు పడింది, అరంగుళానికే స్కూళ్ళు మూసేశారు. పిల్లలు ఇంట్లో, నేను నా గదిలో, చేతిలో నీ ఉత్తరం.

నీ పేరెత్తకుండా కౌశిక్‌ని అడిగాను, షికాగో వైపు ఒకాయన జనవరిలో రోజూ గోల్ఫ్ ఆడతాట్ట, నిజమేనా అని. నవ్వాడు. మోకాలి లోతు మంచులో గోల్ఫ్ ఏమిటమ్మా, ఎవరో నీకు కథ చెప్పారన్నాడు. నువ్వు నాకు కథ చెప్తావని నేననను. చెప్పాల్సిన అవసరం వస్తే చెప్తావు, అది వేరు.

ఎడమ కాలు ఎలా ఉంది? నిలబడితే బరువు ఆనుతోందా? మాట ఏమైనా తడబడుతోందా? సుందర్ రాజ్ గారు ఈ పనికి చదువుకున్నాయనేనా, ఊరికే తెలిసినాయనా? ఇవన్నీ ఎందుకు అడుగుతున్నానని అడక్కు. అక్కని, అడుగుతాను.

మాగాయ ఎక్కువ తినకు. ఉప్పు. అసలు ఆ జాడీ పంపకుండా ఉండాల్సింది.

వియ్యంకుడు బాగానే ఉన్నాడు, ఇప్పుడు మెడకి కూడా తైలం.

రత్నమక్క


నేపర్‌విల్,
జనవరి 27, 2025

అక్కయ్యకి,

నీకు ఇంత గోల్ఫ్ తెలుసని నేననుకోలేదు. ఎడమ కాలి సంగతి సరిగ్గా పట్టుకున్నావు. అక్కడే నా లోపం. కర్ర తిప్పేటప్పుడు బరువంతా ఎడమ కాలి మీదికి రావాలి, అదే రావడం లేదు. సుందర్ రాజ్ గారు రోజూ అదే మొత్తుకుంటున్నారు. మొన్నయితే ఒరిగి పడబోయాను, ఆయనే పట్టుకున్నారు. ఆయన దీనికి చదువుకున్నది ఏమీ లేదు, అనుభవమే. మొదటి బంతికి ముందు కళ్ళు మూసుకుంటారు. ప్రార్థనా, గురి చూడడమా అని నేను అడగలేదు.

మాట తడబాటు మాత్రం ఉంది. మొన్న వియ్యంకుడు ఫోన్ చేసి, మీరు ఏ గోల్ఫ్ కోర్సులో ఆడతారు అన్నారు. నాకు నోరు తిరగలేదు. ఏదో గొణిగి ఫోన్ ప్రమోదకిచ్చేశాను. ఆయన కూడా పాపం ఎక్కువ గుచ్చి అడగలేదు, పెద్దమనిషి.

ఒక్క మంచి మాట చెప్పనా? గురువారం ఒక్క బంతి లేచింది. పాక్కుంటూ పోవడం కాదు, లేచింది. ఠంగుమని కాదు, చిన్నగా టిక్కుమంది, చేతికి ఏమీ తెలీలేదు. నీలం ఆకాశంలో అలా పోయి పోయి దూరంగా ఎర్రజెండా అవతల పడింది. సుందర్ రాజ్ గారు స్తోత్రం అన్నారు. నేను ఆ బంతి పడినచోటే చూస్తూ నిలబడిపోయాను. ఆ తర్వాత బకెట్ అయిపోయేదాకా ఒక్కటి కూడా లేవలేదనుకో. అయినా నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. ఎందుకలా మీలో మీరే నవ్వుకుంటున్నారని ప్రమోద అడిగింది. లైబ్రరీలో మంచి పుస్తకం దొరికిందన్నాను.

మార్చి ఒకటో తారీకుకి నాకూ టికెట్ చూస్తున్నాను.

సూరి


ఫ్రిస్కో,
ఫిబ్రవరి 5, 2025

ఒరేయ్ సూరీ,

ఇక నావల్ల కాదు. దాచింది చాలు.

మీ బావకి పక్షవాతం వచ్చినప్పుడు నేను పక్కనే కూర్చుని అన్నీ చూశాను. ఎర్ర దీపం కింద కూర్చోబెట్టేవారు. చేతికి కర్ర ఇచ్చి పట్టుకోమనేవారు. ఎడమ చేతికి తొడుగు వేసేవారు, కుడిది మామూలే. ముందు బంతి పెట్టేవారు. వెనక ఒకడు నిలబడి మోచెయ్యి వంచకండి, భుజం తిప్పండి, తొందరేం లేదు అనేవాడు. నువ్వు రాసిన ప్రతి ముక్కా అదే. ఆటకి తొడుగు వేసుకుంటే రెండు చేతులకీ వేసుకుంటారు, క్రికెట్ వాళ్ళని నేను టీవీలో చూళ్ళేదా? కాఫీ ఒలికింది, కాలు నిలవలేదు, ఒరిగి పడబోయావు, నోరు తిరగలేదు, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు. గోల్ఫ్ అని పేరు పెట్టి నన్ను మభ్యపెట్టావు. వచ్చింది చెప్పకుండా చదువులేని సుందర్ రాజ్ చేత వైద్యం చేయించుకుంటున్నావు. డాక్టరువి, నీకు ఈ బుద్ధి ఏమిట్రా? రాత్రుళ్ళు నాకు నిద్ర లేదు.

నేనెవరికీ చెప్పలేదు. వియ్యపురాలికి మాత్రం చెప్పాను. అదీ గుళ్ళో పులిహోర లైన్లో నిలబడి ఉంటే కళ్ళనీళ్ళు ఆగక, ఏమైందని ఆవిడ అడిగితే. కడుపుతో ఉన్న పిల్లకి చెప్పొద్దని ఒట్టు పెట్టించుకునే చెప్పాను. ఆవిడ మొగుడికి మాత్రం చెప్పిందట. ఆయన కుర్చీలో కూలబడి, అయ్యో బావగారు అని, ఇక ఈ ఇంట్లో గోల్ఫ్ అనే మాట ఎవరూ ఎత్తొద్దు, ఆయన మనసు కష్టపెట్టుకుంటారు, ప్రయాణం కూడా పెట్టుకోవద్దని చెప్పండి అన్నాట్ట. వెంటనే లేచి సంచిని గరాజ్‌లో పైఅరలోకి ఎక్కించేశాట్ట. ఎంత బాధపడినా ఆ రాత్రి చాన్నాళ్ళకి తైలం లేకుండా హాయిగా పడుకున్నాడని ఆవిడ చెప్పింది. మనసు మంచిది.

చరితకి ఎవరు చెప్పారో నాకు తెలీదు. నిన్న మధ్యాహ్నం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేను అబద్ధం ఆడలేను కదా.

అక్క


నేపర్‌విల్,
ఫిబ్రవరి 11, 2025

అక్కయ్యకి,

నాకు పక్షవాతం లేదు. కుడికీ లేదు, ఎడమకీ లేదు. గోల్ఫ్ ఆడేవాళ్ళందరూ గ్లవ్ ఒక చేతికే వేసుకుంటారు. ఎందుకో నాకూ తెలీదు, వేసుకుంటారు. ఈ చలికాలమంతా నేను నీకు రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ప్రమోదకి చెప్పినవన్నీ అబద్ధాలే, ఆవిడ నమ్మింది. నీకు చెప్పినవన్నీ నిజాలే, నువ్వు ఒక్కటీ నమ్మలేదు.

ఎంత పని చేశావు. చేతులు కొంకర్లు పోయేలా కర్ర తిప్పింది దేనికి? ఫ్రిస్కో వచ్చి ఉండడానికి. ఇప్పుడు వియ్యంకుడు స్వయంగా ఫోన్ చేసి, రెస్ట్ తీసుకోండి బావగారూ, మీరు రావద్దు, చెల్లెమ్మగారు కూడా మిమ్మల్ని వదిలి రావద్దు, పురుడు మేం చూసుకుంటాం అన్నారు. నేను వెళ్ళడానికి కష్టపడితే ప్రమోద వెళ్ళడం కూడా పోయింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. మూడు రోజులన్నా ఉండనిచ్చేదానివి, అదీ లేకుండా చేశావు.

ఆ కోపంతోనే నీకు ఫోన్ చేయబోతుంటే చరిత దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ప్రమోదని అడిగిందట. రోజూ పొద్దున్నే ఎక్కడికో వెళ్తున్నారు, లైబ్రరీ అంటారు, చేతిలో పుస్తకం ఉండదు, వచ్చేసరికి చెయ్యి వణుకుతుంటుంది అని ప్రమోద చెప్పేసిందట. ఆవిడ కూడా లోపల్లోపల అదే అనుకుని ఏడుస్తోందని నాకప్పుడు తెలిసింది. తల్లీ, నాకేం లేదు అని చెప్పడానికి నోరు తెరిచాను.

"నేను వచ్చేస్తున్నా నాన్నా. డెలివరీ అక్కడే" అంది.

తెరిచిన నోరు మూసుకున్నాను అక్కయ్యా. అంతే చేశాను. నవంబర్లో ససేమిరా కుదరదన్న ఇన్సూరెన్స్ ఒక్క పూటలో కుదిరింది. ప్రమోద స్నేహితురాలే ఇక్కడ డెలివరీ చూస్తుందట. అనిరుధ్ తోడుగా ఆదివారం విమానానికి వస్తున్నారు. ప్రమోదకి ఆ రాత్రే అంతా చెప్పేశాను. ఏడ్చింది, తిట్టింది, మర్నాడు గది సర్దడం మొదలెట్టింది. కడుపుతో ఉన్న పిల్లని అబద్ధంతో రప్పించుకుంటున్నానన్న బాధ ఉంది. ఎయిర్‌పోర్ట్‌లో చెప్పేస్తాను. తిరిగి వెళ్ళిపోతానంటే వెళ్ళిపోతుంది.

సూరి


ఫ్రిస్కో,
ఫిబ్రవరి 20, 2025

చిరంజీవి సూరికి,

నీ ఉత్తరం అందింది. సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నాను, తీర్చేశాను. పక్షవాతం లేకపోయినా మొక్కు మొక్కే.

అయినా ఒంటి చేతికి తొడుగు పెట్టే ఆట కూడా ఒక ఆటేనా? తప్పు ఆ ఆటది.

ఒక సంగతి మర్చిపోకు. తొలి పురుడు పుట్టింట్లో జరగాలని మొదట అన్నదెవరు? నేను. ఇప్పుడు ఎక్కడ జరుగుతోంది? నువ్వు శీతాకాలమంతా కర్ర తిప్పి సాధించలేనిది నేను పులిహోర లైన్లో సాధించాను. దానికి ఒక నమస్కారం అన్నా పెట్టకుండా రెండు పేజీలు తిట్టావు. పోనీలే, తమ్ముడివి.

చరిత ఏమంది? నిజం చెప్పావా? గుళ్ళో అందరూ నీ చెయ్యి గురించి అడుగుతున్నారు, ఏం చెప్పాలో రాయి. నేను నోరు విప్పను.

కౌశిక్ మామగారికి వీసా రాలేదట. గది ఖాళీ. నీకు ఇప్పుడు అక్కర్లేదనుకో.

రత్నమక్క


నేపర్‌విల్,
ఏప్రిల్ 8, 2025

అక్కయ్యకి నమస్కారాలు.

ఫోటోలు కౌశిక్ చూపించే ఉంటాడు. మనవరాలికి ముక్కు నీదే. మార్చి ఇరవై ఒకటిన పుట్టింది. నర్సు గుడ్డలో చుట్టి నా ఎడమ చేతిలో పెట్టింది. ఇన్ని నెలలు కర్ర పట్టిన చెయ్యి, కాస్త కూడా వణకలేదు. నేను ఏడ్చాను, దాచేదేముంది.

నువ్వడిగినదానికి జవాబు. ఎయిర్‌పోర్ట్‌లో చరిత సూట్‌కేసులు రెండూ ఎడమ చేత్తోనే ఎత్తి కార్‌లో పెట్టాను. అది చూసింది, అనిరుధ్ ట్రాలీ పెట్టి రావడానికి వెళ్ళాడు. కార్‌లో కూర్చున్నాక గోల్ఫ్, గ్లవ్, వియ్యంకుడు, నువ్వు, పులిహోర, మొత్తం చెప్పేశాను. వెనక అనిరుధ్ నిద్రపోతున్నాడు. చరిత కడుపు పట్టుకుని నవ్వింది, తర్వాత కోపంతో హైవే దిగేదాకా నన్ను తిట్టింది. అప్పుడంది:

"నీ చెయ్యి బాగుందని మా అత్తగారికి చెప్పకు నాన్నా."

ఇన్సూరెన్స్ నవంబర్లో కూడా కుదిరేదేనట. మా ఇంటికి వెళ్తానంటే అత్తగారూ మామగారూ నొచ్చుకుంటారని నోరు మెదపలేదట. దానికీ ఒక వంక కావాల్సొచ్చింది. తండ్రికి బాగాలేకపోతే ఎవరు కాదంటారు? కాబట్టి నాకు బాగాలేదు. ఇంట్లో అనిరుధ్ ఉన్నప్పుడు కుడి చేత్తోనే తింటాను, కుడి చేత్తోనే తలుపు తీస్తాను. మామూలుగా కూడా అంతే అనుకో, ఇప్పుడు కొంచెం నెమ్మదిగా.

పాప పుట్టిన వారానికి వియ్యంకుడూ వియ్యపురాలూ వచ్చారు. ఆవిడ నాలుగు రోజులుండి, బారసాలకి మళ్ళీ వస్తానని వెళ్ళింది. ఆయన వెళ్ళలేదు. ఆయన విమానంలో ఏం తెచ్చారో చెప్పుకో. ఆ కొత్త సంచి. నాకు అర్థం కాలేదు. అందరూ నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం పాపని ఒళ్ళో పెట్టుకుని నాతో అన్నారు, పక్షవాతానికి మెల్లగా గోల్ఫ్ కొట్టించడం మంచిదట బావగారూ, ఎక్కడో చదివాను, మీ చెయ్యి స్వాధీనంలోకి వచ్చేదాకా నేను ఇక్కడే ఉండి దగ్గరుండి చేయిస్తాను. అంటున్నంతసేపూ పాప వేలు వదల్లేదు.

మగపిల్లాడి తండ్రి కోడలి పుట్టింట్లో మూడు రోజులు దాటితే నీ దగ్గర ఏ రూల్ ఉందో నాకు తెలీదు. ఆయన వచ్చి పది రోజులైంది. కూర గిన్నె నేనే జరుపుతున్నాను.

నిన్న ఇద్దరం రేంజ్‌కి వెళ్ళాం. ఏప్రిల్ వచ్చినా మంచు పొడి రాలుతూనే ఉంది. అదే అర, అదే హీటర్. ఆయన సంచి విప్పి గ్లవ్ తీసి వేసుకున్నారు. కుడి చేతికి. నాలాగే కుడిచేతివాటం మనిషి, గ్లవ్ ఎడమ చేతికి ఉండాలి. ఆ గ్లవ్ మీద ఒక్క మరక లేదు. వీపు తైలం, తులసికుండీ, గరాజ్ పైఅర, ఆ హాయి నిద్ర, అన్నీ ఒక్కసారి నాకు అర్థమయ్యాయి. ఆయనా నాలాంటివాడే. డాక్టర్ వియ్యంకుడు గోల్ఫ్ ఆడతాడనుకుని, ఆయనతో పొద్దు గడుస్తుందని ఆశపడి, ఫ్రిస్కోలో ఎక్కడో ఒక అరలో నిలబడి ఖాళీగాలికి కర్ర తిప్పినవాడు.

ముందు నేను చూపిస్తానని ఆయన గట్టిగా తిప్పారు. బంతి కదల్లేదు.

"చూశారా, ఇలా ఖాళీగా తిప్పడమే మొదటి వ్యాయామం" అన్నారు.

చూశానన్నాను. తర్వాత నేను నా గ్లవ్ తొడుక్కుంటుంటే ఆయన దానివంక జాలిగా చూసి, నిజానికి కుడి చేతికే వేసుకోవాలి బావగారూ, పాపం మీకు తప్పదు అన్నారు. అవును, తప్పదు అన్నాను. పక్క అరలో సుందర్ రాజ్ గారు దగ్గొచ్చినట్టు అటు తిరిగారు. నేనూ బంతి పక్కనుంచి ఖాళీగా తిప్పాను. శీతాకాలమంతా బంతికి కర్ర తగిలించడం నేర్చుకున్నవాడికి తగలకుండా తిప్పడం ఎంత కష్టమో నీకు తెలీదు. కొంచెం మెరుగైందని ఆయన మెచ్చుకున్నారు. కాఫీ తాగి ఇంటికొచ్చేసరికి పాప లేచి ఉంది. ఇద్దరం చెప్పులు కూడా విడవకుండా పరిగెత్తాం.

ఇక అసలు సంగతి. మే నెలాఖరుకి చరిత ఉద్యోగంలో చేరాలి, ఫ్రిస్కో వెళ్ళిపోతుంది. ఎంత నెమ్మదిగా చేయించుకున్నా ఎడమ చెయ్యి ఈలోగా బాగుపడక తప్పదు. ఇల్లు మళ్ళీ చెత్తడబ్బా లోపల పెట్టుకునే ఇల్లవుతుంది. నేను అక్కడికి వస్తే, నీ ఖాళీ గది ఎలాగూ ఉందనుకో, అది అక్క ఇల్లు, వారానికోసారి పాపని చూసి రావడం. నాకది చాలదు. వ్యాయామం ఇంకా మిగిలుంటే వియ్యంకుడే నన్ను వెంటబెట్టుకుని తమ ఇంటికి తీసుకెళ్తారు.

అందుకని ఈ శనివారం గుళ్ళో ఎవరైనా అడిగితే, సూరికి ఈ మధ్య కుడి చెయ్యి కూడా కొంచెం పట్టేస్తోందట అని అను. కళ్ళనీళ్ళు పెట్టుకోనక్కర్లేదు, మామూలుగా అను.

నీకు మాత్రమే చెప్తున్నాను.

నీ తమ్ముడు
సూరి